దొంగనిద్ర

కేశవులు పసుపుకొమ్మును కిరసనాయిలు దీపం మీద కాల్చి, కొస ఎర్రబడగానే ఊది ఆర్పి, లేచిన పొగను ముందు ఎడమ ముక్కుతో, తర్వాత కుడి ముక్కుతో లోపలికి లాగాడు. ఎడమది ససేమిరా అంది. కుడిది కొంచెం దారిచ్చి మళ్ళీ మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళతో గోనెల మీద కూలబడి దగ్గాడు. గల్లాపెట్టె వెనక కూర్చున్న ఈశ్వరయ్య కళ్ళజోడు పైనుంచి ఇదంతా చూస్తున్నాడు. ఆయన ధ్యాస దగ్గు మీద లేదు, కాలిన కొమ్ము మీద ఉంది.

"యాడిది రా ఆ కొమ్ము?"

"కింద పడిందే శెట్టీ. బుక్కు పట్టేసింది."

ముక్కును బుక్కు అనడం అతని పరిహాసం కాదు. పుట్టినప్పటినుంచీ ముక్కు సగం మూసుకునే ఉండటంతో అతని నోట మకారాలు బకారాలై, నకారాలు దకారాలై బయటికొచ్చేవి. చిన్నప్పుడు తల్లిని "అమ్మా" అని పిలిస్తే "అబ్బా" అని వినబడి, ఎవరికి దెబ్బ తగిలిందోనని పక్కింటివాళ్ళు తొంగిచూసేవాళ్ళట. అతని బకారాలన్నీ రాస్తే చదివేవాళ్ళకు జలుబు చేస్తుంది కనక ఇకపై మామూలుగానే చెప్పుకుందాం.

నంద్యాలలో ఈశ్వరయ్య పసుపు మండీలో బస్తాల మూతులు కుట్టడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాటా వేసిన బస్తాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, జానెడు దబ్బనానికి పురికొస ఎక్కించి కుట్టుకుంటూ పోతాడు. మధ్యమధ్య ఊపిరి కోసం చేపలా నోరు తెరుస్తాడు. అరచేతులు, పాదాలు, చెవుల వెనక మడతలు, అన్నీ పసుపే. "వీనికి దినామూ పెండ్లే" అని హమాలీలు ఎగతాళి చేసేవాళ్ళు. పొట్టి మెడ, బరువైన దవడ, ఎప్పుడూ సగం వాలి ఉండే రెప్పలు. కల్లు వాసన కూడా ఎరగడంటే చూసినవాళ్ళెవరూ నమ్మరు. వారమంతా మండీలోనే పడుకుని, శనివారం సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ పోయి సోమవారం పొద్దున్నే వచ్చేస్తాడు. అక్కడ భార్య జయలక్ష్మి అహోబిలం యాత్రికులకు విస్తర్లు కుట్టి అమ్ముతుంది. పిల్లలు లేరు. ఇద్దరి బతుకూ కుట్టు మీదే గడిచిపోతోంది.

ఆరోజు శనివారం. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఉగాది దాటి పది రోజులైంది. మండీలో పసుపు దూలాల దాకా పేరుకుని ఉంది. ఈశ్వరయ్య మనసులో మాత్రం ఒకటే గింజులాట: సాయంత్రం బస్సుకు వీడు పోయేలోగా, సోమవారం నుంచి రావద్దని చెప్పాలా, వద్దా?

కారణం లేకపోలేదు. గోస్పాడు రైతు సరుకు కొందామని బావమరిది పార్థసారథితో అనుకున్న మర్నాడే, ఆళ్లగడ్డ మండీవాళ్ళు అక్కడికి బండ్లు తోలారు. గడివేములలోనూ అంతే జరిగింది. ఒకసారైతే గ్రహచారం అనుకోవచ్చు, రెండోసారి కూడానా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరయ్య మాత్రం పట్టి తీరాలనుకున్నాడు.

ఆళ్లగడ్డ మనిషి ఎవరు? కేశవులు. వ్యాపారం మాటలు నడిచే వేళ పక్కనే ఉండేది ఎవరు? కేశవులే. మధ్యాహ్నం భోజనం కాగానే గల్లాపెట్టె వెనక ఖాళీ గోనెల మీద పడి అరగంట గురకపెడతాడు. ఆ గురకే ఈశ్వరయ్యను తినేస్తోంది. రంపంతో కొయ్య కోస్తున్నట్టు సాగే గురక, సరిగ్గా ఊరి పేరు నోటికి రాగానే టక్కున ఆగుతుంది. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చప్పుడుండదు. తర్వాత పెద్దగా ఎగశ్వాస తీసి మళ్ళీ మొదలవుతుంది. ఊరి పేరు రానప్పుడు కూడా ఆగేది. కానీ అనుమానం పట్టినవాడు తనకు కావలసినచోటే చెవి పెడతాడు.

పైగా ఈ మధ్య కొత్త వింత ఒకటి కనబడుతోంది. కేశవులు చొక్కా కింద, వీపు నడిమధ్య, నిమ్మకాయంత బుడిపె.

పది గంటలకు హమాలీలు టీకి పోగానే ఈశ్వరయ్య గాలితో చెప్పినట్టుగా అన్నాడు. "ఈ మధ్య మండీలో సరుకు పోతాండాది."

కేశవులు చెయ్యి మెల్లగా వీపు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని వినడమే గానీ ఈశ్వరయ్య కళ్ళారా చూడటం అదే మొదలు.

"చొక్కా ఇప్పు."

"ఏంది శెట్టీ?"

"ఇప్పమంటాండా."

ఇప్పాడు. బనీను వీపున, రెండు రెక్కల మధ్య, ముతకగుడ్డతో కుట్టిన జేబు. మూతి కూడా విస్తరి కుట్టినంత పొందిగ్గా కుట్టేసి ఉంది. ఈశ్వరయ్య బ్లేడుతో కుట్లు తెంపి లోపల వేలుపెట్టి లాగాడు. చేతిలోకి బొంగరం వచ్చింది. మేకు పీకేసిన చెక్కబొంగరం.

"ఏందిరా ఇది? ఈ వయసులో బొంగరాలాడతాండావా?"

కేశవులు తల వంచుకుని చెప్పాడు. కిందటేడు జయలక్ష్మి అతన్ని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ముక్కులో కండ పెరిగింది, కొయ్యాలన్నారు. కత్తి మాట వినగానే ఇతను పారిపోయి వచ్చాడు.

"వెల్లకిలా పండుకోవద్దన్యాడు డాక్టరు. పండుకుంటే నిద్దట్లో ఊపిరి నిలబడతాదంట. దొర్లినా ఇది గుచ్చుకుని పక్కకు తిరుగుతానని ఆమె కుట్టింది శెట్టీ."

గురక కోసం బొంగరం కుట్టుకునేవాడు లోకంలో ఉంటాడా? ఈశ్వరయ్య దాన్ని చెవి దగ్గర ఆడించి చూశాడు. మేకు ఊడిన బొక్కలో అగ్గిపుల్ల పెట్టి గెలికాడు, ఏదైనా చీటీ ఉందేమోనని. ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి అనుమానం ఇంకా బలిసింది.

"ఈడ ఉండనీ. సాయంత్రం ఇస్తా." గల్లాపెట్టెలో వేసి తాళం తిప్పాడు.

"మరిచిపోవద్దు శెట్టీ. అది లేకుండా పోతే ఆమె ఊరుకోదు."

మళ్ళీ దబ్బనం అందుకున్నాడు. నిద్ర గురించి మాటలు పడటం అతనికి కొత్త కాదు. పెళ్ళయిన మొదటిరాత్రి అత్తవారింట్లో ఇల్లంతా మేలుకుని కూర్చుంటే, తెల్లారి మామగారు అల్లుడికి వీధి అరుగు చూపించాడు. జిన్నింగు మిల్లులో కావలి పని కూర్చున్నచోటే కునికినందుకు పోయింది. బస్సులో అతని పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే. ఆ గురక వింటూ నిద్రపోయే మనిషి లోకంలో జయలక్ష్మి ఒక్కతే. గురక సాగుతున్నంతసేపు హాయిగా నిద్రపోయేది, ఆగితే లేచి భుజం తట్టేది. వారానికి రెండు రాత్రులే ఆ చెయ్యి అతనికి అందేది. మిగతా అయిదు రాత్రుల కోసం బొంగరం కుట్టి పంపింది.

మధ్యాహ్నానికి ముక్కు రెండువైపులా బిగిసిపోయింది. వాము మూట వెచ్చచేసి వాసన చూశాడు. నీలగిరి తైలం జేబురుమాలు మీద చల్లుకుని ముఖాన కప్పుకున్నాడు. పసుపు దుమ్ము లేస్తున్నచోట ఇవన్నీ ఎంతసేపు పనిచేస్తాయి? సంగటి రెండు ముద్దలు మింగాడు, మూడో ముద్దకు చెయ్యి ఆపి నోటితో ఊపిరి తీసుకున్నాడు. అన్నం తింటూ ఆగి మరీ వింటున్నాడే అనుకున్నాడు ఈశ్వరయ్య. తర్వాత కేశవులు గోనెల మీద బుద్ధిగా ఎడమపక్కకు తిరిగి, మోచెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి నిద్దట్లో దొర్లి వెల్లకిలా అయ్యాడు. వీపున గుచ్చుకునేది ఏమీ లేదు.

అప్పుడే పార్థసారథి వచ్చాడు. ఈశ్వరయ్య వేలితో గురక వైపు చూపించి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"ఉయ్యాలవాడ సరుకు మాట్లాడినా. బుధవారం బండ్లు పంపల్ల."

గురక ఆగింది.

"సూస్తివా సారథీ? ఊరి పేరు ఎత్తంగనే!"

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. పన్నెండు అంకెల తర్వాత కేశవులు ఒళ్ళంతా అదిరేలా ఎగశ్వాస తీశాడు. మళ్ళీ రంపం మొదలైంది.

పార్థసారథి కన్ను గీటి పైకి అన్నాడు. "నిజంగా నిద్రపోయేటోని కాలి బొటనవేలు ఆడతాది బావా. ఆడకుంటే దొంగనిద్రే."

దొంగనిద్ర పోయే పిల్లలను పట్టుకోవడానికి ప్రతి ఇంట్లోనూ వేసే ఎత్తు ఇది. వింటున్నవాడైతే కంగారుపడి వేలు ఆడిస్తాడు. నడివయసు వ్యాపారులిద్దరూ వంగి ఆ పసుపు బొటనవేలి వైపే చూశారు. అది ఆడలేదు.

"గట్టోడు బావా. ఈ ఉపాయం కూడా తెలిసినట్టుండాది."

గురక మళ్ళీ ఆగింది. ఈశ్వరయ్య వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పది, పదిహేను, ఇరవై. చేతివేళ్ళు రెండు చుట్లు అయిపోయాయి.

"ఇంకా వింటాండాడు."

"నిద్రపోయేటోన్ని లేపచ్చు గానీ, దొంగనిద్ర పోయేటోన్ని యాడ లేపుతావు బావా?"

ఈశ్వరయ్యకు తెగ కోపం వచ్చింది. ఇంత నీడ ఇచ్చిన మనిషి ముందు ఇంత నాటకమా? వినేవాణ్ణి బాగా విననీ అని గొంతు పెంచి చెప్పేశాడు. "సోమవారం నుంచి వీడు నాకొద్దు. ఈ సాయంత్రమే చెప్పేస్తాండా."

గోనెల మీది మనిషి కిక్కురుమనలేదు. విన్నాడు, రోషం వచ్చింది, బిగదీసుకుని పడుకున్నాడు అనుకున్నారిద్దరూ. పార్థసారథి పని చూసుకుని వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి టెలిఫోను మోగింది. పొద్దున బుక్ చేసిన ట్రంకాలు, దుగ్గిరాల వ్యాపారి. అరవకపోతే మాట దుగ్గిరాల దాకా పోదని ఈశ్వరయ్యకు గట్టి నమ్మకం. లేచి నిలబడి, ఒక చెవి మూసుకుని, కంఠనరాలు ఉబ్బేలా అరిచాడు. "హలో! ఉయ్యాలవాడ! ఉయ్యాలవాడ సరుకు! అంతా మనకే! బుధవారం బండ్లు పోతాండాయి! బుధవారం!"

రిసీవరు పెట్టీ పెట్టకముందే సువార్తమ్మ గడప దగ్గర నిలబడింది. ముందు వసారాలో పసుపు చెరిగే కూలిమనిషి.

"అయ్యా, ఉయ్యాలవాడకు మా అల్లుని బండి కూడా పిలువు. బాడుగ లేక ఎద్దులు ఊరికే నిలబడి ఉండాయి."

ఈశ్వరయ్య నిటారుగా అయ్యాడు. "నీకెవరు చెప్పిరి? కేశవులా?"

"కేశవులెందుకు చెప్తాడయ్యా? నువ్వే గదా ఫోనులో అరిస్తివి. మలుపులో ఆళ్లగడ్డ బస్సుకు నిలబడినోళ్ళంతా విన్యారు. దినామూ వినేదే. గోస్పాడూ వింటిమి, గడివేములా వింటిమి."

ఈశ్వరయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. చెవులు వేడెక్కాయి. ఆయన జీవితంలో ఇంతగా సిగ్గుపడింది లేదు. గల్లాపెట్టె తాళం తీసి బొంగరం చేతిలోకి తీసుకున్నాడు. పొద్దు దిగుతోంది, కుట్టాల్సిన బస్తాలున్నాయి, ముందు లేపి ఇది చేతిలో పెడితే చాలనుకున్నాడు.

"కేశవులూ, లేయప్పా."

లేవలేదు. సువార్తమ్మ పోయి భుజం పట్టి కదిపింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టి చూసింది.

"అయ్యా, ఈయనకు ఊపిరి ఆడడంలా."

డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయి గంట దాటిందన్నాడు. ఏ వేళప్పుడు జరిగిందో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. ఈశ్వరయ్యకు నిమిషంతో సహా తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

పార్థసారథి కారు మాట్లాడుకుని ఆళ్లగడ్డ పోయి, దీపాల వేళకు జయలక్ష్మిని తీసుకొచ్చాడు. ఆమె ఏడుస్తూ రాలేదు. వచ్చి మొగుని పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ వీపు కిందికి చెయ్యి పోనిచ్చింది. అక్కడ తెగిన దారాలు వేళ్ళకు తగిలాయి.

"బొంగరం యాడ?"

ఈశ్వరయ్య ముందుకొచ్చి పిడికిలి విప్పాడు.

"నేనే తీసినా తల్లీ. దొంగసరుకు అనుకుంటి. తప్పు నాది."

ఆమె బొంగరాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది.

"వెల్లకిలా పండుకున్యాడా?"

"ఊ."

"గురక నిలిచిపోయినప్పుడు పక్కన ఎవరూ లేరా?"

ఈశ్వరయ్య తల ఎత్తలేకపోయాడు. "నేనే ఉండినా తల్లీ."

"ఒక్కసారి భుజం తడితే లేచేవాడయ్యా" అంది. అప్పుడు ఏడ్చింది.

సరుకు దించడానికి వచ్చిన లారీలోనే కేశవులును ఆళ్లగడ్డకు పంపారు. జయలక్ష్మి వెనక అతని పక్కనే కూర్చుంది. హమాలీలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తలుపులు వెయ్యడానికి లేచిన ఈశ్వరయ్య కాటా దగ్గర ఆగాడు. అక్కడ ఆనాటి నలభై ఒకటో బస్తా నిలబడి ఉంది, మూతి సగం కుట్టి, సగం తెరుచుకుని, పురికొస చివర దబ్బనం వేలాడుతూ.