తడి లేని ప్లగ్గు

రాజలింగు కిక్కు కొడుతూనే ఉన్నాడు, ఇది ఎన్నోదో లెక్క తప్పిపోయింది, బండి ఒక్కసారైనా దగ్గదు, వెనక సీటు మీద ఓదెలు గుండె మీద చెయ్యి పెట్టుకుని బస్సు కోసం ఆగినవాడిలా ఓపిగ్గా కూర్చుని ఉన్నాడు. ఓదెలు చనిపోయి రెండు నెలలైందని రాజలింగుకు తెలుసు. తెలిసినా, ఇప్పుడు గనక బండి కదిలితే ఇంకా ఆలస్యం కాలేదని కూడా అంతే గట్టిగా తెలుసు. క్వార్టర్ల ముందరి సందులోనే ఉన్నామనుకుంటాడు గాని, నేల ఎప్పుడు మారిందో, కాళ్ల కింద బొగ్గుబాయిలోకి దిగే ఏటవాలు దారి ఉంది, దారి చివర బాయి లేదు, ఆస్పత్రి గేటు ఉంది, కాపలావాడు దాన్ని మెల్లగా మూస్తున్నాడు, ఎంత మూసినా ఇంకొంచెం తెరిచే ఉంటోంది.

"ఆగు తమ్మీ," అంటాడు ఓదెలు. "ఊకె తంతే ఇంటదా? ఏమైందో చూడాలె గద."

"టైం లేదు ఓదన్నా, నన్ను గట్టిగ పట్టుకో."

"నాకింక టైంతోని ఏం పని. ప్లగ్గు ఇప్పు."

పద్దెనిమిదేళ్లు ఇద్దరూ ఒకే షిఫ్టుకు ఈ బండి మీదే వెళ్లారు. బండి రాజలింగుది, దాని రోగాలు మాత్రం ఓదెలుకే ఎరుక. రాజలింగు ప్లగ్గు విప్పడానికి వంగి చెయ్యి పెడితే ఇంజను వెచ్చగా, మెత్తగా, మనిషి ఛాతీలా తగులుతుంది. ఉలిక్కిపడి చెయ్యి తీసి మళ్లీ చూస్తే ఇనుమే. ఓదెలు ప్లగ్గును ఇంజనుకు ఆనించి, "కొట్టు," అంటాడు, రాజలింగు కొడతాడు, కొనన నీలంగా నిప్పు రాలుతుంది.

"నిప్పు మంచిగనే ఉన్నది," అంటూ ఓదెలు ప్లగ్గును అంగీకి తుడిచి చూపిస్తాడు. "గిన్ని కిక్కులు కొట్టినంక ఇది తడవాలె, పెట్రోలు వాసన రావాలె. ఎండిన చింతగింజ లెక్కున్నది. అంటే?"

"కార్బురేటర్ల చెత్త పడ్డదేమో," అంటాడు రాజలింగు తొందరగా.

ఓదెలు దాన్నీ విప్పి బోర్లిస్తాడు. చెత్త లేదు, చుక్క పెట్రోలూ లేదు. ట్యాంకు మూత తీసి చూస్తే అంచు దాకా నిండుగా ఉంది.

"పైన నిండ ఉన్నది, కింద సుక్క లేదు. నడుమ ఏమున్నది తమ్మీ?"

"పైపు."

"పైపుకు ముందు?"

రాజలింగు మోకాలిని ట్యాంకుకు అదిమిపెడతాడు, దాని కింద ఉన్నది కనపడకుండా. దారి పక్కన నీళ్లున్నాయి, ఇప్పుడు వాళ్లు గోదావరి వంతెన మీద ఉన్నారు, గేటు మాత్రం అంతే దూరంలో మూసుకుంటూ ఉంది. చెమట కళ్లల్లోకి దిగుతోంది. ఓదెలు మోకాలి వంక చూస్తాడంతే, చూస్తూనే ఉంటాడు.

"పెట్రోలు ట్యాపు బందున్నదన్నా," అంటాడు రాజలింగు చివరికి. "ముందటి రోజు నేనే బంద్ చేసిన. పొద్దుగాల నీకు ఛాతీల నొప్పని వదినె ఉరికొచ్చి పిలిస్తే, గాభరాల తిప్పుడు మరిచిన. పావుగంట తన్నిన. నిన్ను ఆటోల తీస్కపోయినంక చూసిన. తిప్పితే ఒక్క కిక్కుకే లేచింది."

"అందరికి ఏమని చెప్పినవ్?"

"ప్లగ్గు పోయిందని."

ఓదెలు తల ఊపుతాడు. "వెనక కూసున్న నాకు తెల్వదా? వాసన వస్తలేదు, ట్యాపు చూడు తమ్మీ అందామంటే నోరు పెగల్లే."

"తిప్పి ఉంటే బతికేటోనివా అన్నా?"

"నాకేం ఎర్క? నేను డాక్టర్నా? పెట్రోలు అందలే, గంతే చెప్పగల్త. నా సంగతి ఇడిసిపెట్టు. మీ వదినె సమ్మక్క, గ్యాసనుకోని ముందుగాల సోడ తాగిపిచ్చిన, నా పాడు తెలివికే మనిషి పోయిండని నీ ముందల్నే ఏడ్చింది గద. అప్పుడు నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

"రెండు నెలల సంది ఏమనలే."

గేటు సందు ఇప్పుడు అరచేయంత ఉంది. రాజలింగు లేచి నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా కాలిలోకి తెచ్చుకుని కొడతాడు.

గోడ దద్దరిల్లింది.

"ఏందయ్యా, గోడను తంతున్నవ్?" భార్య భాగ్య వంటింట్లోంచి పరుగున వచ్చింది. మొదటి షిఫ్టు దిగి, తిని పడుకున్న రాజలింగు లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. పక్క మీద సున్నం పెచ్చులు రాలి ఉన్నాయి. కుడికాలి బొటనవేలి గోరు చీలి, రక్తం ఊరుతోంది.

"సమ్మక్క వదినె ఇంట్లనే ఉన్నదా?" అని అడిగాడు రాజలింగు.

"ఉన్నది. ఇప్పుడామెతోని ఏం పని? ముందుగాల ఆ కాలు కడుగు."

రాజలింగు కడగలేదు. అంగీ తొడుక్కుని, కుంటుకుంటూ గడప దాటాడు.