మిషను తొక్కిన రోజు

యుద్ధం ఆగింది గానీ మా ఇంట్లో కుట్టుమిషను మళ్లీ ఆడలేదు. దాని చప్పుడు చెవినపడితే చాలు, తుపాకులు పేలుతున్నాయని నా మనవరాలు గుడ్డలు కత్తిరించే బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంటుంది. అందుకని ముసుగేసి పక్కన పెట్టేశాను. అన్నీ చేత్తోనే కుడుతున్నాను. చూపు ఆనదు. సూదిలో దారం మనవరాలే ఎక్కించి పెడుతుంది.

యుద్ధం చూసిన పిల్లల మనసులు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ఒక డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరుగుతోందన్నారు. బాగాలేని పిల్లలకి వైద్యం కూడా చేస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. కోడలికి గుండె జారింది.

"పిచ్చిపిల్లని ముద్రేస్తే బడికి రానిస్తారా మామయ్యా? దాని నాన్న ఎలాగూ పోయాడు. దీన్నీ ఎక్కడికో పట్టుకుపోతే నేనెలా బతకాలి?"

నేను చేతిలో గుడ్డ కుట్టుకుంటూనే ఉన్నాను.

"మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు!"

పిల్లకి జడ వేస్తూ నేర్పింది. "ఏం అడిగినా బాగానే అని చెప్పు, బంగారం కదూ."

డాక్టరమ్మ వచ్చి పిల్ల ఎదురుగా నేలమీదే కూర్చుంది.

"నిద్ర పడుతోందా తల్లీ?"

"బాగానే."

"బడి ఎలా ఉంది?"

"బాగానే."

"మరి నాన్న?"

"బాగానే ఉన్నాడు."

కోడలు గోడవైపు తిరిగింది. డాక్టరమ్మ నావంక చూసింది. "పెద్దాయనా, మీరేమైనా చెబుతారా?"

కోడలు కళ్లతోనే వద్దంది. నేను ముసుగేసిన మిషను వైపు చూశాను. డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది. గడప దాటితే మళ్లీ రాదు.

ముసుగు లాగి మిషను తొక్కాను. సూది కింద గుడ్డ కూడా లేదు.

పిల్ల బల్ల కిందికి పోయింది. "బాగానే... బాగానే... బాగానే..." ఒకటే వణుకు.

"ఆపండి!" డాక్టరమ్మ అరిచింది. బల్ల పక్కనే నేలమీద చతికిలబడింది. పిల్లని ముట్టుకోలేదు, పిలవలేదు. ఆ గొంతు ఆగేదాకా అలాగే ఉంది. తర్వాత నాతో అంది, "అడిగాను కదండీ. నోటితో చెప్పకూడదా?"

మిషనుకి మళ్లీ ముసుగేశాను.

ఎక్కడికీ పట్టుకుపోరట. వైద్యానికి వారానికోసారి తల్లే తీసుకొస్తే చాలట. బడివాళ్లకి తెలియనివ్వరట. కోడలు ఏడుస్తూనే సరేనంది.

సాయంత్రం ఎప్పటిలాగే సూదీ దారం పట్టుకుని చెయ్యి చాపాను. పిల్ల వాళ్లమ్మ వెనకాల నిలబడింది. నా చేతివంక చూడలేదు. నా కాళ్లవంకే చూస్తోంది.