వాటంతట అవే

"మా ఇంట్లో అన్నీ వాటంతట అవే జరిగిపోతాయండీ, నాకు ఏ తలనొప్పీ లేదు," అని ఆదివారం ఇంటికొచ్చిన స్నేహితుడితో భర్త చెబుతున్నప్పుడు ఆమె పక్క గదిలో అతని చొక్కాలు మడతపెడుతోంది. మెచ్చుకోలుగానే అన్నాడు. మనిషిలో కల్మషం లేదు, వచ్చిన చిక్కంతా అదే. చొక్కాలు వాటంతట అవే ఉతుక్కుని, ఆరి, ఇస్త్రీ చేయించుకుని అల్మరా ఎక్కి కూర్చుంటాయని అతను నిజంగానే నమ్ముతాడు. కరెంటు బిల్లు తనను తాను కట్టేసుకుంటుంది. గ్యాసు అయిపోయేలోగా కొత్త సిలిండరు నడుచుకుంటూ వచ్చి పొయ్యి పక్కన నిలబడుతుంది. తల్లి వేసుకునే బీపీ మాత్రలు డబ్బాలో ఏనాడూ నిండుకోవు. "మావాడికి ఇంట్లో ఏది ఎక్కడుంటుందో కూడా తెలియదు, పాపం," అంటుంది అత్తగారు, అదేదో కొడుకు సంపాదించిన బిరుదైనట్టు. పెళ్ళైన కొత్తలో ఈ మాటలకు ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. చొక్కా కాలరు సరిచేసి దొంతరమీద పెట్టింది.

ఆమె పనిచేసేది ఒక కంటి ఆసుపత్రి ఆఫీసులో. మర్నాడు ఆపరేషన్ ఉన్నవాళ్ళకు ముందురోజు సాయంత్రం ఫోన్లు చేసి, చుక్కల మందు ఎప్పుడు వేసుకోవాలో, తోడు ఎవరిని తెచ్చుకోవాలో, వచ్చేటప్పుడు బండి తామే నడుపుకుంటూ ఎందుకు రాకూడదో చెప్పాలి. ఇది ఆమె పని అని ఎక్కడా రాసిలేదు. అది చేసే అమ్మాయి ఉద్యోగం మానేసినప్పుడు, "నాలుగు రోజులు చూడండి మేడమ్, మీరైతే ఓపిగ్గా మాట్లాడతారు," అన్నారు. ఆ నాలుగు రోజులు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. ఆఫీసు ఖాళీ అయ్యాక, ఊడ్చేవాళ్ళు వచ్చి ఆమె కుర్చీ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళాక కూడా ఆమె ఫోన్లోనే ఉంటుంది. అవతల పెద్దాయనకు సరిగ్గా వినపడదు. చెప్పిందే మళ్ళీ చెబుతుంది. దీనికి జీతంలో ఒక్క పైసా ఎక్కువ లేదు. ఓపికకు రేటెవరు కడతారు?

బస్సు దారిలో ఒక ఈతకొలను ఉంది. సాయంత్రంపూట అక్కడ ఆడవాళ్ళకు మాత్రమే ప్రవేశం. చిన్నప్పుడు ఆమె నీళ్ళలో దిగిందంటే పిలిచి పిలిచి అలసిపోయినా బయటికి వచ్చేది కాదట. పెళ్ళయ్యాక ఆమెకు తెలిసిన నీళ్ళు బకెట్లోవీ, సింకులోవీ. ఒకరోజు ధైర్యం చేసి ఈతదుస్తులు కొనుక్కుంది. భర్తకు చెబితే నవ్వాడు. "ఈ వయసులో ఈతేంటోయ్, మోకాళ్ళు చూసుకో," అన్నాడు. ఆ తర్వాత, "అయినా ఆ టైముకి నువ్వు ఆఫీసులోనే ఉంటావుగా," అన్నాడు. మొదటి మాటకన్నా రెండోదే గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. చాలాకాలం ఆ ఈతదుస్తులు సొరుగులో తువ్వాళ్ళ కిందే పడి ఉన్నాయి. ఒకసారి అత్తగారు ఏదో వెతుక్కుంటూ ఆ సొరుగు తీసింది. చూసింది, ఏమీ అనలేదు. తర్వాత చూస్తే అవి తను పెట్టినదానికన్నా పొందిగ్గా మడతపెట్టి ఉన్నాయి. దెప్పడానికి ఇదొక పద్ధతి కాబోలనుకుంది ఆమె.

ఆ సాయంత్రాలు తిరిగి తెచ్చుకోవడానికే ఆమె ఫ్లో తయారుచేయడం నేర్చుకుంది. ఫ్లో అంటే పెద్ద మాయేమీ కాదు. ఇది అయ్యాక అది చెయ్యి, అది అయ్యాక ఇంకోటి చెయ్యి అని కంప్యూటరుకు వరసగా చెప్పి పెట్టడమే. సాయంత్రం కాగానే మర్నాటి ఆపరేషన్ల జాబితా దానంతట అదే తెరుచుకోవాలి, ఒక్కొక్కరికీ మెసేజ్ వెళ్ళాలి, వెనకే ఫోన్ మోగి రికార్డు చేసిన గొంతు అన్నీ నిదానంగా చెప్పాలి. ఆ గొంతు ఆమెదే. మధ్యాహ్నం భోజనాల వేళ, మందుల స్టోరులో తలుపేసుకుని రికార్డు చేసింది.

ఆమె పై అధికారిని వెనకాల అందరూ స్లైడ్ల సార్ అంటారు. ఏ పనినైనా తెరమీద చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య, చేయడమే ఆయనకు పడదు. ఆయన ఫ్లో చూసి సంబరపడిపోయారు. "బ్రహ్మాండంగా ఉంది మేడమ్. గురువారం డైరెక్టరుగారికి చూపిద్దాం. ఫ్లో యజమాని ఎవరు అని ఉన్న గడిలో మాత్రం నా పేరు పెట్టండి. పైవాళ్ళకు ఎవరో ఒకరి పేరు కనబడాలి కదా," అన్నారు. ఆమె పెట్టింది. పేరుదేముంది, సాయంత్రం దొరికితే చాలు అనుకుంది. తీరా పేరు మార్చాక ఫ్లో ఆన్ అవనంటే అవనని మొరాయించింది. తెరమీది స్విచ్ జరిపితే ఒక్క క్షణం ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చేస్తుంది.

గురువారం పొద్దున్నంతా ఆమె దానితోనే కుస్తీ పట్టింది. పాస్‌వర్డ్ గడువు తీరిందేమోనని చూసింది, తీరలేదు. జాబితా చోటు మారిందేమోనని చూసింది, మారలేదు. ఒక్కో మెట్టూ విడిగా నడిపి చూస్తే అన్నీ బుద్ధిగా నడిచాయి. కలిపి ఆన్ చేస్తే మాత్రం ససేమిరా అంది. ఇంట్లో ఏది ఆగినా మొదట తననే తప్పుపట్టుకోవడం ఆమెకు అలవాటు, ఇక్కడా అదే చేసింది. చివరికి, ఎర్ర అక్షరాల్లో వచ్చిన సందేశాన్ని కంగారు మాని కింది దాకా చదివింది. యజమానికి రోగుల ఫోన్ నంబర్లు చూసే అనుమతి లేదు, అని ఉంది. ఫ్లో ఎవరి పేరుమీద ఉంటే వాళ్ళ అనుమతులతోనే నడుస్తుంది. రోగుల వివరాలు గుట్టుగా ఎలా ఉంచాలో నేర్పే శిక్షణకు వెళ్ళినవాళ్ళకే ఆ అనుమతి ఇస్తారు. ఆ శిక్షణకు రమ్మని స్లైడ్ల సార్‌కు కబురొచ్చినప్పుడు, "నాకెక్కడ తీరుతుంది, నా బదులు మీరెళ్ళి కూర్చోండి మేడమ్," అని ఆమెనే పంపారు. వెళ్ళి కూర్చుంది, పరీక్ష రాసింది, నెగ్గింది. అనుమతి ఆమెకే వచ్చింది. ఆ సంగతి ఆయన మర్చిపోయారు, ఆమె కూడా మర్చిపోయింది.

వెళ్ళి ఆయనకు ఉన్నమాట చెప్పింది. మీరు శిక్షణకు వెళ్ళిరావాలి, లేదంటే నా పేరు పెట్టాలి, మూడో దారి లేదు అంది. ఆయన మూడో దారి కనిపెట్టారు.

"మీరు హాలు వెనక గదిలో కూర్చోండి. ఇక్కడ నేను బటన్ నొక్కగానే అక్కడ మీరు చేత్తో మెసేజులు పంపేయండి. చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? తర్వాత నెమ్మదిగా సరిచేసుకుందాం."

ఆమె తలూపింది. ఆ తలూపడం కూడా అలవాటే. వెనక గదిలో విరిగిన కుర్చీలు, పాత కంటిపరీక్ష అట్టలు ఉన్నాయి. వాటి మధ్య కంప్యూటరు ముందు పెట్టుకుని కూర్చున్నాక, ఆయన అన్న ఆ 'తర్వాత' గురించి ఆలోచించింది. ఈ రోజు ఇది దానంతట అదే నడిచినట్టు కనబడితే, రేపూ నడుస్తున్నట్టే లెక్క. ఇక ఎవరూ సరిచేయరు, నడుస్తున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు? తను రోజూ సాయంత్రం ఈ గదిలో కూర్చుని చేత్తో పంపుతూనే ఉండాలి. ఇన్నాళ్ళూ కనీసం, పాపం ఫోన్లు చేస్తోంది అని ఊడ్చేవాళ్ళకైనా తెలిసేది. రేపటినుంచి తను ఇక్కడ ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అప్పుడు ఆమెకు ఆదివారంనాటి మాట గుర్తొచ్చింది. ఈ గది కొత్తదేమీ కాదు. పెళ్ళైన దగ్గరనుంచీ తను ఇలాంటి గదిలోనే కూర్చుని ఉంది. ముందు గదిలో వాళ్ళు వాటంతట అవే అనుకునేవన్నీ తను వెనకనుంచి చేత్తో పంపినవే. ఎంత బాగా చేస్తే అంత కనబడకుండా పోయింది. ఏడుపు రాలేదు. చాలాకాలంగా దొరకని తప్పు ఎక్కడుందో దొరికినప్పటి నెమ్మది కలిగింది.

యజమాని గడిలో ఆయన పేరు తీసేసి తన పేరు టైప్ చేసింది. టైప్ చేస్తూ ఒకసారి తలుపువైపు చూసింది. దొంగతనమా ఇదేమైనా, నా పేరేగా, అని తనమీద తనే విసుక్కుంది. స్విచ్ జరిపింది. ఈసారి అది వెనక్కి రాలేదు, పచ్చగా వెలిగింది. కంప్యూటరు మూసేసి, తలుపు తీసుకుని వచ్చి హాల్లో వెనక వరుసలో అందరికీ కనబడేలా నిలబడింది.

అప్పటికే బటన్‌మీద వేలు పెట్టిన స్లైడ్ల సార్ ఆమెను చూసి ఉలిక్కిపడ్డారు. వేలు అదిరి బటన్ నొక్కుకుపోయింది. పరీక్ష కోసం జాబితాలో నంబరు చేర్చి ఉన్న డైరెక్టరుగారి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. కింద, సందేహాలుంటే అడగండి అన్నచోట, ఫ్లో యజమానిగా వెనక వరుసలో నిలబడ్డ ఆమె పేరు ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఆవిడ స్పీకరు పెట్టింది. ఆమె నోరు విప్పలేదు, ఆమె గొంతు మాత్రం హాలంతా వినిపించింది, పెద్దవాళ్ళకు చెప్పినట్టు నిదానంగా.

"ఈ గొంతు మీదేనా?" అని వెనక్కి తిరిగి అడిగింది డైరెక్టరు.

"నాదేనండీ. చేసిందీ నేనే," అంది ఆమె. ఆ రెండో మాట అనాలని ముందుగా అనుకోలేదు.

అందరూ వెళ్ళాక స్లైడ్ల సార్ దగ్గరికొచ్చారు. కోపం చూపించాలో అభినందించాలో తేల్చుకోలేకపోతున్నారు.

"సరే, అయిందేదో అయింది. మళ్ళీ నా పేరు పెట్టేయండి."

"పెట్టచ్చు సార్. పెడితే ఆగిపోతుంది."

ఆయన దగ్గర దానికి స్లైడు లేదు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. ఇంకా వెలుతురుంది. ఫోన్లు చేయకుండానే వెళ్తున్నారేంటని ఆయన అలవాటు కొద్దీ అడిగితే, వెళ్ళిపోయాయి కదండీ అని చెప్పి బయటపడింది. ఈతదుస్తులు సంచిలోనే ఉన్నాయి. వారమంతా, ఫ్లో ఇవాళ ఆన్ అవుతుందేమో అన్న ఆశతో రోజూ మోసుకొస్తూనే ఉంది. కొలనులో దిగగానే మొదట మునిగి నాలుగు గుక్కలు నీళ్ళు తాగింది. ఆ తర్వాత కాళ్ళకు గుర్తొచ్చింది. ఎవరూ పిలవలేదు కాబట్టి తోచినంతసేపు ఈదింది.

తడిజుట్టుతో ఇల్లు చేరేసరికి భర్త టీవీ ముందు ఉన్నాడు. "ఇంత ఆలస్యమైందేం? వంట ఇంకా అవలేదు," అన్నాడు, ఊళ్ళో వాన పడలేదని చెప్పినట్టు.

"అవలేదా?" అంటూ ఆమె ఎదురు కుర్చీలో కూలబడింది. ఆమె గొంతులో వెటకారం లేదు.

అతను ఆమె లేస్తుందని చూశాడు. టీవీలో రెండు ప్రకటనలు వచ్చి వెళ్ళాయి. ఆకలేస్తోందన్నాడు. నాకూ వేస్తోందండీ అంది. ఒళ్ళంతా తీయగా నొప్పిగా ఉంది, ఈ నొప్పిని ఎవరికోసమూ వదులుకోదలచుకోలేదు. ఇంకాసేపటికి అతనే లేచి వంటింట్లోకి నడిచాడు. గిన్నెలు చప్పుడయ్యాయి, అల్మరా తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి.

"ఇదిగో, ఉప్పు ఎక్కడుంది?"

రెండో అర, ఎడమవైపు, నీలం మూత డబ్బా. జవాబు నాలుకమీదే ఉంది. అలవాటుగా నోరు తెరిచింది కూడా. అంతలో లోపలి గదిలోంచి, నిద్రపోతోందనుకున్న అత్తగారి గొంతు వినిపించింది.

"చెప్పకు అమ్మాయ్. వెతుక్కోనీ."