నోటరీ గారి డైనమో

నోటరీ అకిల్లె గారి మోరిస్ మైనర్ కారు మా వీధి మలుపు తిరక్కముందే నాకు తెలిసిపోయేది. తోక తొక్కిన పిల్లిలా కీచుమంటూ వచ్చేది. నడిపేది ఆయన కాదు, ఆయన భార్య తమ్ముడు వెంజు. నోటరీ గారు వెనక సీట్లో గడ్డం పైకెత్తి కూర్చునేవాడు. సొంత బావమరిదే అయినా వెంజు ఆయన్ని "బావా" అనకూడదు. "నోటరీ గారూ" అనాలి. ఇరవై ఏళ్లుగా అలాగే అంటున్నాడు. అందుకే నాకు నోటరీ మీద కన్నా వెంజు మీదే ఎక్కువ రోత. పెత్తనం చేసేవాణ్ణి తిట్టుకోవచ్చు. వాడి ముందు వీపు వంచేవాణ్ణి ఏమనుకోవాలి?

నా పేరు డొలోర్. ఓర్మిలో బళ్ల కరెంటు పని చేస్తాను. మాల్టాలో ఇంకా డైనమోతో తిరిగే పాత బళ్లలో సగం నా చేతిమీదుగా పోయినవే. ఆ సంగతి తెలిసీ నోటరీ గారు ఏడాదిపాటు నా కొట్టు దాటుకుని వేరేచోట్లకి పోయాడు. ఆడదాని చేత బండి బాగు చేయించుకుంటే పరువు పోతుందని.

చివరికి ఒక మంగళవారం రాక తప్పింది కాదు.

"ఆదివారం ఊరి పండుగ. బ్యాండ్ క్లబ్ ముందుకి పాత బళ్లన్నీ వరసగా వస్తాయి. అన్నిటికంటే ముందు నాది. ఈ కీచు వినపడకూడదు," అన్నాడు.

"ఇప్పటిదాకా ఏం చేశారు?"

"ఈ దద్దమ్మ రెండుసార్లు బెల్టు మార్చాడు. సబ్బు రాశాడు. వీడి చేతిలో పెడితే బంగారానికి కూడా తుప్పు పడుతుంది."

వెంజు తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

"మీరు కాస్త నోరాపితే బండి ఏమంటుందో వింటాను," అన్నాను.

బెల్టు తీసేసి ఇంజను అర నిమిషం తిప్పాను. కీచు లేదు. ఆపి, డైనమో పుల్లీని చేత్తో తిప్పాను. లోపల ఇసుక నలిగినట్టు గరగరలాడింది. అంతా కలిపి ఐదు నిమిషాల పని. ఏడాదిపాటు ఈయన పెద్దమనిషి తరహాకి బెల్టులు బలైపోయాయి.

డైనమో వెండి రంగులో పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

"రంగెవరు వేశారు?"

"నేనే. స్వయంగా. రెండు పూతలు. క్లబ్బులో అందరూ మెచ్చుకున్నారు," అన్నాడు ఛాతీ విరుచుకుని.

వెనక మూత మధ్యలో స్క్రూడ్రైవర్ కొనతో గీకాను. బఠాణీ గింజంత రంగు ముద్ద ఊడి కింద పడింది. దాని కింద చిన్న కన్నం.

"ఇందులో అప్పుడప్పుడూ రెండు చుక్కలు నూనె వెయ్యాలి. మీరు బిరడా కొట్టేశారు. లోపల ఇరుసు తిరిగే బుష్ ఎండిపోయి అరిగిపోయింది. మీ బండి అరిచింది దాహంతో."

ఆయన మొహం ఎర్రబడింది, సిగ్గుతో మాత్రం కాదు. గిర్రున వెంజు వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు చెప్పలేదురా?"

"చెప్పాను," అన్నాడు వెంజు. ఆ మనిషి గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. "రంగు వేసే రోజే చెప్పాను. కన్నం కనపడితే అందం చెడుతుందన్నారు."

"నాకు గుర్తులేదు."

"నోటరీతో మాట్లాడేటప్పుడు సంతకం పెట్టించుకోవాలి వెంజూ. నీదే తప్పు," అన్నాను.

నోటరీ గారికి పుండు మీద కారం చల్లినట్టయింది. "నా తిండి తింటూ నాకే ఎదురు చెప్తావా? పనివాడివి పనివాడిలా ఉండు!"

వెంజు తాళాలు జేబులోంచి తీశాడు. రంగు గీసుకోకుండా మడ్‌గార్డ్ మీద మెల్లగా పెట్టి, బస్సు స్టాపు వైపు నడిచాడు. వెనక్కి తిరగలేదు.

నేను డైనమో విప్పాను. బుష్ కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మధ్యలో తిరిగే ఆర్మేచర్ పక్కకి ఒరిగి లోపల రాసుకున్న గీతలు కూడా ఉన్నాయి. కొత్త కంచు బుష్ ఒక రోజంతా నూనెలో నానేసి బిగించాను. కార్బన్లు మార్చాను. శనివారం ఇంజను తిప్పితే డైనమో ఉందా లేదా అన్నంత నిశ్శబ్దం.

"బాగుంది. మూత మీద గీకిన చోట ఇంకో పూత వేస్తే సరి," అన్నాడు నోటరీ గారు.

"వేసుకోండి. మిగిలింది మీ చెవులకి పూసుకోండి."

ఆదివారం ఆయన తనే నడిపాడు. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ ముట్టుకోని మనిషి. ఆ బండికి మొదటి గేరు పూర్తిగా ఆగాక వెయ్యాలి. ఆయన ఆగకుండానే కుక్కాడు. పాపం, డైనమో నోరు మూసుకుంది కాబట్టి గేర్ల ఏడుపు ఊరంతటికీ శుభ్రంగా వినపడింది. క్లబ్ ముందు నాలుగుసార్లు బండి ఆగిపోయింది. బ్యాండు వాళ్లు వాయించడం ఆపి మరీ చూశారు. నేను కడుపారా నవ్వుకున్నాను.

గురువారం చూద్దును కదా, మళ్లీ వెంజు! ఒక్కడే, అదే బండిలో, నా కొట్టు ముందు. నా ఒళ్లు మండింది.

"మళ్లీ చేరావా? నీకు సిగ్గనేది పుట్టుకతో రాలేదా?"

"నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఇకమీదట తను బానెట్ మీద చెయ్యి వెయ్యనని మాటిస్తేనే వస్తానన్నాను. అక్క ఒప్పించింది," అన్నాడు.

"అంత తియ్యగా ఉందా ఆయన కొలువు?"

"ఆయన కోసం ఎవరొచ్చారు డొలోరక్కా? ఇది మా నాన్న బండి. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది ఇందులోనే. నాన్న పోయాక అమ్మ అమ్మేసింది, బావ కొన్నాడు. మొన్న క్లబ్ గోడ వెనక నిలబడి విన్నాను. ఆ గేర్లు అలా నలుగుతుంటే, ఎవరో నాన్నని చెంప మీద కొడుతున్నట్టే అనిపించింది."

ఆ గేర్ల మోతకే కదా నేను కడుపారా నవ్వింది. బల్ల మీద జున్ను కూరిన వేడి పస్తిత్సీలు, నెయ్యోడే పొరల పఫ్‌లు, ఉంటే పొట్లం అతని వైపు తోశాను. నోటరీ మీద నా అభిప్రాయం ఇవాళ్టికీ అంగుళం కదల్లేదు. వెంజు విషయంలోనే ఇన్నాళ్లూ నా కళ్లకి బిరడా పడి ఉంది.

జిడ్డు చేతులతో స్టీరింగ్ ముట్టుకోకూడదని అతను బయటే నిలబడి తిన్నాడు. తర్వాత నన్ను సబ్బు అడిగాడు.