మోకాలి మీద బ్యానర్

కొత్త కోచ్ ఎవరో తెలిసిన పూటే టైలరమ్మ కొట్టు ముందు చెప్పులు కుప్పపడ్డాయి. వచ్చినవాళ్ళంతా ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ బ్యానర్లన్నీ ఆవిడే కుడుతుంది. రంగుతో రాస్తే వానకు కారిపోతుందని, ఒక్కో అక్షరాన్నీ గుడ్డలో కత్తిరించి, అంచు మడిచి కుట్టడం ఆవిడ పద్ధతి.

వాళ్ళ గోలకు కారణం లేకపోలేదు. ఈ కోచ్ ఒకప్పుడు ఇక్కడే కుర్రాళ్ళ జట్టుకు ఆట నేర్పి, ఆనక పోటీ జట్టు పచ్చచొక్కాల వాళ్ళ పంచన చేరి, వాళ్ళకు రెండు కప్పులు గెలిపించినవాడు. అలాంటివాణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా అని ఒకడు, క్లబ్బు పెద్దల కళ్ళు మూసుకుపోయాయని ఒకడు, టికెట్టు చింపేస్తానని ఇంకొకడు. చింపేస్తానన్నవాడు టికెట్టు మాత్రం జేబులోంచి తీయలేదు లెండి.

వాళ్ళకు పెద్ద, బాకా. మనిషి బస్సు డ్రైవరు. మైదానంలో బాకా ఊదేది అతనే గనుక ఆ పేరు పడింది.

“పిన్నీ, ఊరికే పొమ్మంటే పోడు. మన తమ్ముడి సంగతి గుర్తుచెయ్యాలి,” అన్నాడు. “‘మా కుర్రాడి కాలు తిరిగివ్వు’ అని కుట్టు. మైదానం అవతలి గట్టున కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలి.”

తమ్ముడంటే టైలరమ్మ కొడుకు. పదిహేడో ఏట ఆ కోచ్ చేతికింద ఆడుతూ ఫైనల్లో కూలబడ్డాడు. వాచిన మోకాలితో ఆడించి పిల్లాడి బతుకు బుగ్గి చేశాడని వీధి వీధంతా అంది. టైలరమ్మా అంది. పన్నెండేళ్ళుగా అంటూనే ఉంది. ఆ కొడుకు ఇప్పుడు అదే కొట్లో ఎడంకాలు చాపుకుని చొక్కాలకు కాజాలు కుడుతున్నాడు.

బాకా మాటతో ఆవిడ కడుపుమంట కాస్త చల్లారినట్టయింది. మధ్యాహ్నానికల్లా తెల్లగుడ్డ పరిచి, పెన్సిలుతో అక్షరాలు గీసి, కత్తెర పట్టింది. ‘మా’ అయింది. ‘కుర్రాడి’ అయింది. అప్పుడు కొడుకు చేతిలో సూది ఆపాడు.

“అమ్మా, ఆయన నన్ను మూడుసార్లు అడిగాడు, నొప్పిగా ఉందా అని.”

కత్తెర ఆగలేదు.

“లేదన్నాను. అలా చెప్పమన్నది నువ్వే కదమ్మా.”

అప్పుడు ఆగింది. ఆ ఫైనల్ రోజు పొద్దున సంగతి ఆవిడకు గుర్తులేక కాదు. గుండెల్లో ఎక్కడో మడిచిపెట్టి, ఇన్నేళ్ళూ దాని మీద ఆ కోచ్ పేరు బరువు పెట్టింది. ఆట చూసి కుర్రాళ్ళను ఎంచుకోడానికి పెద్ద జట్టువాళ్ళు వస్తున్నారని, ఈ ఒక్కరోజూ ఓర్చుకో నాన్నా అని, వాపు కనపడకుండా మోకాలికి లైనింగు గుడ్డ బిగించి చుట్టి, పైకి మేజోడు లాగింది ఈ చేతులే.

మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదురా అంది.

“ఆయన్ని తిట్టుకున్నంతకాలం నిన్ను నువ్వు తిట్టుకోవు కదా అని. వీధిలో అన్నావు, ఊరుకున్నాను. మైదానమంతా చదువుతుందంటే ఊరుకోలేనమ్మా.”

సాయంత్రం టైలరమ్మ గుడ్డంతా చుట్టి చంకన పెట్టుకుని బస్సు డిపోకు వెళ్ళింది. అక్కడ బాకా పదిమందితో టీ తాగుతున్నాడు. వాళ్ళ మధ్య నిలబడి, నాన్చకుండా మొత్తం చెప్పేసింది. ఒకడు ఖాళీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. బాకా ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

“తల్లివి, నీ తప్పేముంది పిన్నీ. కానీ ఈ మాట బయట అనకు. ఆ కాలి సంగతి కాస్తా పోతే ఆయన మీద అనడానికి మనకేం మిగిలింది? వాళ్ళకి గెలిపించినోడు మనకీ గెలిపిస్తాడంటారు జనం.”

గుడ్డ ఇవ్వమని చెయ్యి చాపాడు. నువ్వు కుట్టకపోతే రంగుతోనే రాయించుకుంటాం అన్నాడు, కోపంగా కూడా కాదు. టైలరమ్మ ఇవ్వలేదు. ఇవ్వకపోయినా ఆగదని ఆవిడకు తెలుసు. పన్నెండేళ్ళు గడప గడపకూ మోసిన మాట అది. ఇప్పుడు వెనక్కి ఇమ్మంటే ఎవరిస్తారు?

కొత్త కోచ్ ఇవాళ క్లబ్బులోనే ఉన్నాడని వచ్చేటప్పుడు ఎవరో అనుకుంటుంటే విన్నది. ఆయన ముందు మొదటి మాట ఏమనాలో ఆవిడకు తోచలేదు. అయినా అటే తిరిగింది. వెనక నుంచి బాకా పిలుస్తూనే ఉన్నాడు. మైదానం దాటి వినపడే గొంతు అతనిది. ఆవిడ వినపడనట్టే నడిచింది.