పేట చీరలు నింపుకున్న బ్యాగు

నేను ఒక పంచింగ్ బ్యాగును. దెబ్బలు తినడం నా వృత్తి. సాక్షులెవరో చెప్పని వృత్తాంతానికి విలువ ఉండదని నా నమ్మకం కనుక, లాంతరుపేటలో నన్ను తొలిసారి వేలాడదీసిన సాయంత్రం అక్కడ ఎవరెవరు హాజరయ్యారో, వారు ఆసీనులైన వరుసలోనే ముందుగా మనవి చేస్తాను.

అధ్యక్షస్థానంలో, కస్టమ్స్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన జగన్నాథరావు గారు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల ప్యాంటుతో. ఆయన కుడివైపున మరపడవల సంఘం పెద్ద బండయ్య. ఎడమవైపున ఒకే బల్ల మీద, ఒకరినొకరు చూసుకోకుండా, అమ్మవారి గుడి పూజారి, చర్చి పాస్టరు. వారి వెనుక నిలబడి, సైన్యంలో బాక్సింగ్ ఆడి హవల్దారుగా ఇంటికి వచ్చిన దానయ్య మాస్టారు. నేల మీద పేట కుర్రాళ్లు. వారిలో గోడకు ఆనుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, పద్దెనిమిదేళ్ల ఎల్లాజీ. అందరికంటే చివర, గుమ్మానికి అవతల, నెత్తిమీది ఎండుచేపల బుట్ట దించకుండానే, అతని తల్లి పోలమ్మ. ఆమెను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

నా పుట్టుకకు కారణం దెబ్బలే. లాంతరుపేట విశాఖ రేవు గోడకు ఆనుకుని ఉన్న జాలరుల పేట. కొండల మీది నుంచి దిగే గంజాయికి ఆ పేట మీదుగా ఒక దారి పడింది. ఆ దారికి యజమాని లోవరాజు. అతను కుర్రాళ్లకు మొదట ఊరికే ఇచ్చేవాడు. తరువాత వాళ్లే అతని మూటలు మోసేవారు. ఒకనాడు దాసు అనే కుర్రవాడు మత్తులో తన తండ్రిని పడవ లంగరుతో కొట్టి, ఆయన కన్ను పోగొట్టాడు. మర్నాడే పేటలో మాదకద్రవ్యాల నివారణ కమిటీ ఏర్పడింది.

కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిన తొలి తీర్మానం ఇది: గంజాయితో దొరికిన కుర్రవాణ్ణి ఒడ్డున పడవకు కట్టి, తడి తాడుతో కొట్టవలెను. మనుషులు ఒక జబ్బును చూసి భయపడినప్పుడు ముందుగా రోగినే కొడతారు. మొదట దొరికినవాడు ఎల్లాజీ. తండ్రి గుజరాత్ రేవులో పడవల మీద పనిచేస్తూ ఏడాదికొకసారి వచ్చేవాడు కనుక అడ్డుపడే మగదిక్కు లేదు. సొంత మేనమామ చేతులు పట్టుకోగా బండయ్య కొట్టాడు. వీపు మీద తోలు లేచిపోయింది. కట్లు విప్పగానే ఎల్లాజీ తిన్నగా లోవరాజు దగ్గరికే వెళ్లాడు. ఆ వీపు మంట తెలియకుండా చేసే వస్తువు పేట మొత్తంలో అక్కడే దొరుకుతుంది మరి. ఈ ఫలితాన్ని కమిటీ వారు ఊహించలేదు.

"కొట్టడం తప్పితే మీకింకో మందు తెల్దు గదా," అన్నాడు దానయ్య మాస్టారు తరువాతి సమావేశంలో. "సరే మరి. ఆ కొట్టే పనేదో ఆ కుర్రగుంటలకే ఇచ్చీండి. ఐసు ఫేక్టరీ తాళం ఇలా పారెయ్యండి."

ఆ విధంగా, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో నాకు స్థానం లభించింది. నా చర్మం లారీ టార్పాలిన్. వలలు అల్లేవాళ్లు వల సూదితోనే, నైలాను దారంతో నన్ను కుట్టారు. కడుపు నింపడానికి ఇంటికొక పాత చీర అడిగారు. పేటలో ఇవ్వని ఇల్లు లేదు. పోలమ్మ ఇచ్చినది ఆమె రోజూ బుట్ట మోసే చీర. జగన్నాథరావు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"పరిశుభ్రత దృష్ట్యా ఈ చీర ఆమోదయోగ్యం కాదు."

"మీ ఇంటికి ఎండు నెత్తళ్లు అట్టుకొచ్చినప్పుడు వాసనెయ్యలేదేటి బాబూ?" అంది పోలమ్మ.

షెడ్డంతా నవ్వింది. అధ్యక్షుల వారు నవ్వలేదు. దానయ్య మాస్టారు మాత్రం ఆ చీరను మడిచి నా కడుపులో సరిగ్గా నడుమ దూర్చాడు.

ఇంత చేసీ పేటవాళ్లు ఒక పొరపాటు చేశారు. నేను తేలికగా ఉన్నానని, ఒక్క గుద్దుకే ఎగిరిపోతున్నానని, ఎదురుగా సముద్రం ఉండగా చింతేమిటని, ఒడ్డున ఇసుక తెచ్చి నాలో పోశారు. ఆ ఉప్పు తడి ఇసుక చీరల సందుల్లోంచి జారి, నా అడుగుకు చేరి, గట్టిపడి రాయి అయింది. కింద గుద్దిన కుర్రాళ్ల వేళ్లు చిట్లాయి. మాస్టారు నా మీద అడ్డంగా ఒక ఎర్ర గీత గీసి, దాని దిగువన ఎవరూ గుద్దకూడదని శాసించాడు. పైన చీరలు, కింద రాయి: నా శరీర నిర్మాణం ఇదే.

నన్ను వేలాడదీసిన ఆ సాయంత్రమే ఎల్లాజీని మాస్టారు లోవరాజు గదిలోంచి మెడ పట్టి లాక్కొచ్చాడు. మొదటి రోజుల్లో ఆ పిల్లవాడు వణికాడు, మూలన వాంతి చేసుకున్నాడు, మాస్టారిని రాయలేని మాటలతో తిట్టాడు. ఆ తరువాత నన్ను కొట్టాడు. ఆ కొట్టడం ఆట కాదు. బండయ్య పేరు గొణుగుతూ కొట్టాడు. మేనమామ పేరుతో కొట్టాడు. లోవరాజు పేరుతో కొట్టినప్పుడు నన్ను వేలాడదీసిన దూలం నుంచి సున్నం రాలింది. ఒకనాడు మాస్టారు బండయ్యనే పిలిచి, నన్ను వెనుకనుంచి కౌగిలించుకుని పట్టుకోమన్నాడు. ఎల్లాజీ అలిసిపోయేదాకా గుద్దాడు. ప్రతి గుద్దూ నాలోంచి బండయ్య పక్కటెముకలకు అందింది. వదిలేటప్పటికి ఆ పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆనాటి నుంచి కమిటీ వారు తడి తాడు ఊసెత్తలేదు.

మరొకనాడు ఎల్లాజీ నన్ను కొడుతూ కొడుతూ ఆగిపోయాడు. నా నడుముకు ముక్కు ఆనించాడు.

"ఇదేటి మాస్టారూ, ఇందులో మాయమ్మ ఉన్నాది."

"ఉంటే ఉన్నాది. సేతులు దించకు."

ఆ తరువాత అతను నన్ను ఛాతీకి పైనే కొట్టేవాడు. ఎదుటివాడి కడుపు మీద గుద్దడం ఎప్పటికి నేర్చుకుంటావని మాస్టారు ఎంత తిట్టినా నా నడుమును మాత్రం ముట్టుకోలేదు. గంజాయిని కూడా ముట్టుకోలేదు.

అతన్ని చూసి దాసు వచ్చాడు, దాసును చూసి మిగిలినవాళ్లు వచ్చారు. లోవరాజుకు మూటలు మోసేవాళ్లు కరువయ్యారు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: సరుకు దిగే కొండదారి మొత్తం ఎల్లాజీకి తెలుసు. అటువంటివాడు తన మనిషై ఉండాలి, లేదా నోరు లేనివాడై ఉండాలి.

ఒకనాటి సాయంత్రం, వెంటిలేటర్లలో ఇంకా ఎండ ఉండగానే, లోవరాజు ఇద్దరు మనుషులతో షెడ్డులోకి వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ చేపలు కోసే కత్తులు ఉన్నాయి.

"ఏట్రా ఎల్లాజీ, పెద్ద పయిల్వానువైపోనావంట? పద, బండి ఎక్కు. కొండకెళ్లాలి."

"నాను రాను."

"వస్తావో రావో నిన్నడగలేదురా. ఎక్కమన్నాను."

దానయ్య మాస్టారు మధ్యకు వచ్చాడు. మొదటి కత్తి ఆయన ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చింది. రక్తం నా మీద చిమ్మింది. ఆయన పడిపోలేదు, రెండో చేత్తో ఆ మనిషి దవడ విరగగొట్టి, అప్పుడు కూలబడ్డాడు. కుర్రాళ్లు రెండోవాడి మీద పడ్డారు. దాసు చెంప తెగింది. లోవరాజు ఎల్లాజీ మీదికి విసిరిన వేటు అతనికి తగలక నాకు తగిలింది. గీతకు పైన నిలువునా చీలిపోయాను. పేట చీరలన్నీ పేగుల్లా బయటికి జారాయి. ఎండుచేపల వాసన గుప్పున షెడ్డును కమ్మింది.

ఆ వాసనకు ఎల్లాజీ ముఖం మారడం నేను చూశాను. అతను రెండు చేతులతో నన్ను వెనక్కి లాగి, ఒంట్లో బలమంతా పెట్టి లోవరాజు మీదికి తోశాడు. నా అడుగుభాగం, పేటవాళ్ల పొరపాటు వల్ల రాయిగా మారిన ఆ భాగం, లోవరాజు మోకాలికి తగిలింది. చిప్ప పగిలింది. కత్తి ఎగిరిపడింది. అతను వెల్లకిలా పడ్డాడు.

అప్పటికి కేకలు విని పేట పరుగెత్తుకొచ్చింది. మిగిలిన ఇద్దరినీ వల తాళ్లతో కట్టేశారు. ఇక్కడితో ఆగితే నేను విజయగాథ వినిపించినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆగలేదు. ఎల్లాజీ లోవరాజు ఛాతీ మీద మోకాలు ఆనించి వట్టి చేతులతో గుద్దుతున్నాడు. మొదట ముక్కు పోయింది. పళ్లు రాలాయి. ఒక కన్ను మూసుకుపోయింది. లోవరాజు ఎప్పుడో చేతులు వదిలేశాడు. ఆ తల నేలకు తగిలే చప్పుడు తడిగా మారింది.

"సంపీరా! వొదలకు!" అని బండయ్య అరిచాడు. పేట మొత్తం అరిచింది. జీవితమంతా చట్టం అక్షరం తప్పకుండా నడిచిన జగన్నాథరావు గారు సైతం చేతికర్ర ఎత్తి, "వదలవద్దు! అంతం చెయ్యి!" అని కేక వేయడం నేను విన్నాను. తమ పిల్లలను రక్షించడానికి కూడిన కమిటీ, తమ పిల్లవాణ్ణి హంతకుణ్ణి చేయడానికి ఏకకంఠంతో తీర్మానించింది. ఆ తీర్మానమూ ఏకగ్రీవమే.

కాదు, ఒక్కరు ఏకీభవించలేదు.

పోలమ్మ గుంపును మోచేతులతో చీల్చుకుని వచ్చింది. బుట్ట ఎక్కడో పడేసింది. "ఒరే ఎల్లాజీ!" అని పిలిచింది. అతనికి వినబడలేదు. చెయ్యి పట్టుకుంది, అతను విదిలించాడు. ఆ పిడికిలి మళ్లీ పైకి లేచింది. అప్పుడామె వెళ్లి లోవరాజు మీద బోర్లా పడింది.

నాకు దెబ్బల చప్పుళ్లు తెలుసు. గుడ్డ మీద పడినది వేరు, కండ మీద పడినది వేరు. ఇది ఎముక చప్పుడు. ఆమె భుజం దగ్గర ఎముక పుటుక్కున విరిగింది. షెడ్డులో అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆమె లేవలేదు. పడుకున్న చోటి నుంచే కొడుకు ముఖంలోకి చూసింది.

"ఇంకా కొట్టాలనుంటే నన్ను కొట్టు. ఈడు సత్తే నువ్వు ఈడివైపోతావురా. నా కొడుకు నాకుండడు."

ఎల్లాజీ తన పిడికిలి వంక, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఒక్కొక్క వేలే విప్పాడు. తరువాత తల్లి పక్కన నేల మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

నాలోంచి జారిన చీరలు ఆనాడు కట్లకు పనికివచ్చాయి. ఎవరో ఇచ్చిన నీలం చీరతో మాస్టారి ముంజేతిని బిగించారు. పోలమ్మ చేతిని ఆమె సొంత చీర ముక్కతోనే మెడకు కట్టారు. వాసన గురించి ఎవరూ ఆక్షేపించలేదు. లోవరాజు ప్రాణాలతోనే పోలీసుల చేతికి వెళ్లాడు. ఎల్లాజీ కొండదారి మొత్తం వారికి చెప్పాడు. ఆ దారి మూతపడింది. మరొకటి తెరుచుకోలేదని హామీ ఇచ్చేటంత అమాయకత్వం నాకు లేదు.

ఇప్పుడు నా స్థానంలో తోలు బ్యాగు వేలాడుతోంది. నన్ను మడిచి గుమ్మం పక్కన వేశారు. కుర్రాళ్లు నా మీద కూర్చుని చేతులకు గుడ్డ చుట్టుకుంటారు. ఇక్కడి నుంచి వీధి కనబడుతుంది. పోలమ్మ భుజం వంకరగా అతుక్కుంది. బుట్టను తానుగా నెత్తికి ఎత్తుకోలేకపోతోంది. రోజూ పొద్దున్నే ఎల్లాజీ వస్తాడు, రెండు చేతులతో బుట్ట ఎత్తి, తల్లి నెత్తిన చుట్టకుదురు మీద మెల్లగా నిలుపుతాడు. "మెడ నిటారుగా పెట్టవే," అంటాడు. "నువ్వు నాకు నేర్పుతావేట్రా," అంటుంది.

ఆరంభంలో నేను హాజరైనవారి వరుస చెప్పాను. అందులో ఆమె పేరు చివర ఉంది. ఆ వరుసను సవరిస్తున్నాను. ఎన్నో నెలలు ఆమె చీరను నడుమ దాచుకుని ఆమె బదులు నేను దెబ్బలు తిన్నాను. కీలకమైన ఒక్క దెబ్బను నా బదులు, పేట మొత్తం బదులు, ఆమె తిన్నది. శత్రువు దేహం మీద పడుకుని కన్నకొడుకును కాపాడుకున్న శ్రీమతి పోలమ్మ గారికి, లాంతరుపేట ఐసు ఫ్యాక్టరీ షెడ్డు తరఫున, చీర ఇచ్చిన ప్రతి ఇంటి తరఫున, ఇందుమూలముగా నా కృతజ్ఞతను సగౌరవంగా తెలియజేసుకుంటున్నాను.