పండని మైదాకు

మూడో అంతస్తు వరండా తడిగుడ్డతో తుడుస్తూ ఈరమ్మ పదకొండో నంబరు గది దగ్గరికి రాగానే నెమ్మదించింది. మడమల పగుళ్లు ఫినాయిల్ నీళ్లకు చుర్రుమంటున్నాయి. చైతన్యపురిలోని ఆ మగపిల్లల హాస్టల్‌లో పంతొమ్మిదేళ్లుగా ఊడుస్తోంది. చిల్లర దొరికినా, గడియారం దొరికినా తీసి బల్లమీద పెట్టేది. పరుల సొమ్ము పాము లాంటిదని నమ్మిన మనిషి. నిన్న మాత్రం చెయ్యి ఊరుకోలేదు.

ఆ గదిలో శేఖర్ ఉంటాడు. నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాడు. బొటనవేలంత స్టీలు గొట్టంలో ఏదో పచ్చటి పొడి పోసి, మర తిప్పి బిళ్లగా బిగిస్తుంటే ఒకసారి అడిగింది. "మైదాకు, పెద్దమ్మా" అన్నాడు. గంజాయి మొగ్గల నుంచి రాలిన పొడి అని చెబుతాడా మరి? మైదాకంటే గోరింటాకే, పగుళ్లకు చలవ. అందుకే నిన్న అతను స్నానానికి వెళ్లినప్పుడు బిళ్ల తీసి కొంగున ముడేసుకుంది. తీసినందుకు మనసు పీకి, బదులుగా ఆ గొట్టాన్ని గిన్నెల సబ్బుతో తళతళా తోమి, సొరుగు కూడా తుడిచి వచ్చింది.

ఇంటికెళ్లి తడిపి పూసుకుంటే ఇసుమంత ఎరుపైనా రాలేదు. దొంగ అన్న పేరు మాత్రం మిగిలేట్టుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇద్దరు పోలీసులు నేరుగా శేఖర్ గదిలోకి వెళ్లారు. తన కోసమే వచ్చారనుకుని ఈరమ్మ గోడకు ఒదిగి నిలబడింది. వాళ్లు పరుపు ఎత్తారు, సొరుగు గుంజారు, గొట్టం విప్పి వాసన చూశారు. సబ్బు వాసన.

"ఇదేంది?" అన్నాడు ఒకాయన.

శేఖర్ ఆ ఖాళీ గొట్టం వంక కళ్లప్పగించి చూశాడు. ఆయన దాన్ని మంచం మీద పడేసి పక్క గదికి నడిచాడు.

వాళ్లు కిందికి దిగాక ఈరమ్మ గడపలో కూలబడింది.

"నీ మైదాకు నేనే దీస్కున్న బిడ్డా. వార్డెన్ సారుకు చెప్పకు, నన్ను దొంగంటరు. అయినా ఆ మైదాకు మంచిది గాదు. జర్ర గూడ పండలే."

శేఖర్ ఆమె కాళ్ల వంక చూశాడు. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"నువ్వు దొంగవా పెద్దమ్మా? నన్ను బతికిచ్చినవ్."

ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు. దొంగ అనలేదు, అది చాలు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

మధ్యాహ్నానికి అతను సంచులు సర్దుకున్నాడు.

"ఊరికి పోతున్న. గీడుంటే నేను బాగుపడ."

ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు పట్టుకోవాలి. వార్డెన్ భోజనానికి పోయాడు.

"గది నీకు అప్పజెప్పి పోతున్న, పెద్దమ్మా."

ఇన్నేళ్లలో ఏ గదీ ఎవరూ ఆమెకు అప్పజెప్పలేదు. అతను మెట్లు దిగిపోయాక తడి చేతులు చీరకు తుడుచుకుని, బల్లమీద అతను పెట్టి వెళ్లింది అందుకుంది. నీలం దారం కట్టిన ఇత్తడి తాళంచెవి.